మా మధుబాబు నేలబారు కారు

మా మరిది మధుబాబుకి కొన్న వస్తువు కొన్నట్టుగా ఉంటే తోచదు. నేను తెనాలికి కోడలిగా వచ్చేసరికి అతను కాలేజీలో చదువుతున్నాడు. అప్పటికే సైకిలు హ్యాండిలు కోయించి కిందికి వంచాడు. మోపెడ్ సైలెన్సర్ విప్పేసి మారీసుపేట మొత్తానికి తన రాకపోకలు తెలియజేశాడు. నా పెళ్ళికి మావాళ్ళు పెట్టిన మిక్సీని “స్పీడు చాల్లేదు వదినా” అని ఊడదీశాడు. దాన్ని మళ్ళీ బిగించినవాళ్ళు లేరు. నేను రోట్లోనే పచ్చళ్ళు నూరుకున్నాను. ఇప్పుడతనికి నలభై దగ్గర పడ్డాయి, పొట్ట వచ్చింది, మా ఆయన నడిపిన రంగుల కొట్టు చేతికొచ్చింది. విప్పే బుద్ధి మాత్రం పోలేదు.

మా ఆయన అలా కాదు. ఏ వస్తువైనా అరిగి చిల్లు పడేదాకా ఉన్నదున్నట్టు వాడేవారు. ఆయనకొక పాత కారుండేది. ఎత్తుగా ఉండేది, ముసలి గేదెలా నిదానంగా నడిచేది. మా అత్తగారు బాలాత్రిపురసుందరమ్మగారు అందులో వాలుకుర్చీలో కూర్చున్నట్టు కూర్చునేవారు. ఆయన పోయాక సంవత్సరం తిరక్కముందే మధుబాబు దాన్ని షోరూములో ఇచ్చేసి తన కారు తెచ్చుకున్నాడు. నన్ను అడగలేదని అనను. “ఊరికే పాకలో మగ్గుతోంది కదా వదినా” అన్నాడు. ఆ రోజుల్లో నన్ను ఎవరేమడిగినా సరే అనేదాన్ని. వెనకసీటు జేబులో ఆయన తువ్వాలు ఉండిపోయిందని మర్నాడు గుర్తొచ్చింది.

కొత్త కారు పొట్టిది. వెనక డిక్కీ పొడుగ్గా ఉండదు, నరికేసినట్టుంటుంది. చిన్న కారులో పెద్ద కారు ఇంజను పెట్టారట. దాన్ని హాట్ హ్యాచ్ అంటారట. “ఏం, ఏసీ లేదా?” అని అడిగారు మా అత్తగారు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. తెచ్చిన నెలలోనే కంపెనీవాళ్ళు బిగించిన సస్పెన్షన్ పీకించి, ఎక్కణ్ణుంచో తెప్పించిన వేరేది వేయించాడు. వంటింట్లోకి వచ్చి, నేను పప్పుకి తాలింపు పెడుతుంటే చెప్పాడు.

“స్ప్రింగు ఉంటుందా వదినా, దాని మధ్యలో షాకబ్జార్బర్ ఉంటుంది. పైన చిన్న మర ఉంటుంది. ఇటు తిప్పితే మెత్తన, అటు తిప్పితే గట్టి. దాన్నే డ్యాంపింగు అంటారు. కింద రింగు తిప్పితే కారు కిందికి దిగుతుంది.”

“మరి పైకి లేవదా?”

“లేస్తుంది. కానీ ఎవరు లేపుతారు వదినా, బాగోదు కదా!”

అలా దింపించి, పూజకి తీసుకెళ్ళాడు. చక్రాల కింద నిమ్మకాయలు సరిగ్గానే నలిగాయి. దిష్టి తీసిన గుమ్మడికాయని ఎదురుగా పెట్టి పగలగొట్టబోతుంటే, మధుబాబుగారు తొందరపడి కారు ముందుకి పోనిచ్చారు. ఆ మూతి ఎంత కిందికుందంటే గుమ్మడికాయ దాని కిందికి దూరలేక ముందుకి దొర్లుకుంటూ పోయింది. పూజారిగారు హారతి పళ్ళెం పట్టుకుని దాని వెనకాలే నడిచారు.

ఉన్న మాట ఉన్నట్టు చెప్పాలి. ఒకసారి గుంటూరు నుంచి వస్తూ హైవే మీద నన్ను కూర్చోబెట్టి తిప్పాడు. నున్నటి రోడ్డు, పెద్ద మలుపు. కారు రోడ్డుకి అతికించినట్టు తిరిగింది. నా ఒళ్ళో ఉన్న పూల పొట్లం కూడా పక్కకి జరగలేదు. అదేదో గొప్పే. కాకపోతే ఆ మలుపు మా వీధిలో లేదు. మా వీధిలో ఉన్నవి మురుక్కాలవ మూతలు, ఎవరికి వాళ్ళు ఇంటి ముందు సిమెంటుతో పోసుకున్న స్పీడు బ్రేకర్లు. వాటి మీద అతను కారుని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటించేవాడు. అతని భార్య మేఘన దిగి ముందు నడుస్తూ “ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగు” అని చెప్పేది. ఆ పిల్ల తర్వాత్తర్వాత స్కూటీ మీదే తిరగడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఆ కారు తప్ప అందరం అడ్జస్ట్ అయ్యాం.

ఇక అసలు సంగతి. మా ఆయన పోయినప్పుడు మా అత్తగారు తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో ఉన్నారు. ఆయన అస్థికలు బాపట్ల దగ్గర సూర్యలంకలో సముద్రంలో కలిపాం. ఆవిడ రాలేకపోయారు. కన్నకొడుకుని కడసారి సాగనంపలేదన్న బెంగ ఆవిణ్ణి ఏడాదంతా తినేసింది. పైకి ఏడ్చేవారు కాదు. అన్నం ముందు కూర్చుని, “సంవత్సరీకానికి నన్ను తీసుకెళ్తారుగా?” అని మాత్రం అడిగేవారు. మార్గశిరంలో ఆ రోజు రానే వచ్చింది. మాకు పిల్లల్లేరు కాబట్టి కర్త మధుబాబే. బాపట్ల పురోహితుడు పురుషోత్తంగారు మధ్యాహ్నం దాటకుండా ఒడ్డుకి చేరమన్నారు.

రైలుకైతే తెనాలి స్టేషన్లో వంతెన ఎక్కి దిగాలి, ఆవిడ వల్ల కాదు. అద్దెకారు పిలుద్దామన్నాను.

“నా కారు ఉండగా మా అమ్మని అద్దెకారులోనా! మర తిప్పుతాను వదినా, మెత్తగా ఉయ్యాలలా ఉంటుంది. దీన్ని వేయించిందే ఇలాంటప్పటికని” అన్నాడు.

“మరి ఎత్తో?” అన్నాను.

ఎత్తు పెంచాలంటే గ్యారేజీలో సగం రోజు పడుతుందట. కిందటి ఆదివారమే స్నేహితుల కార్ల పక్కన నిలబెట్టి ఫొటోలు దిగాలని ఇంకో రెండు వేళ్ళు దింపించాడు. మేఘన ముందురోజే రైలెక్కి బాపట్లలో పుట్టింటికి వెళ్ళింది. తెలివైన పిల్ల.

పొద్దున్నే మా అత్తగారిని కారులోకి, బావిలోకి బిందె దించినట్టు దించాం. వెనక డిక్కీలో దర్భలు, నువ్వులు, బియ్యం, ఇత్తడి చెంబు, కొల్లూరు నుంచి తెప్పించిన అరిటాకుల కట్ట సర్దాను.

పొన్నూరు రోడ్డెక్కాం. మొదటి స్పీడు బ్రేకరు మీద కారు నిజంగానే మెత్తగా కుంగింది. ఫరవాలేదే అనుకునేలోపు కిందికి ఇక కుంగే చోటు లేక దడేలుమని కొట్టింది. మా అత్తగారు “అమ్మా!” అని నా చెయ్యి పట్టుకున్నారు.

“మరీ మెత్తనైపోయింది. కొంచెం గట్టి చెయ్యాలి” అని మధుబాబు కారు పక్కకి తీశాడు. ముందు చక్రాల మరలు బానెట్టు కింద ఉన్నాయి, సరే. వెనక చక్రాలవి డిక్కీ అడుగున, పట్టా కింద ఉన్నాయి. అంటే తద్దినం సామానంతా దింపాలి. రోడ్డు పక్కన చెంబు, బియ్యం, నువ్వులు, దర్భలు వరసగా పెట్టాడు. అటుగా వెళ్తున్న పెద్దాయన సైకిలు దిగి, తలకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“ఎవరు బాబూ పోయింది?”

మధుబాబు డిక్కీలో తలపెట్టి ఉన్నాడు. “ఎవరూ పోలేదండి, డ్యాంపింగు మారుస్తున్నా” అన్నాడు.

నేను అరిటాకుల కట్ట పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

ఈసారి గట్టిగా బిగించాడు. దడేలుమనలేదు. దానికి బదులు రోడ్డు మీద ఉన్నదంతా మా నడుముల్లోకి వచ్చేసింది. మా అత్తగారు పళ్ళు బిగబట్టి కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత అన్నారు: “ఒరే మధూ, కింద రూపాయి బిళ్ళ పడున్నా, అది బొమ్మో బొరుసో నాకు తెలిసేట్టుందిరా.”

“మధ్యస్థంగా పెడతానమ్మా.”

మళ్ళీ పక్కకి తీయడం, మళ్ళీ చెంబు, బియ్యం, నువ్వులు. మధ్యస్థంగా పెడితే రెండు బాధలూ సమానంగా వచ్చాయి. పురుషోత్తంగారు ఫోన్ చేశారు.

“ఎక్కడున్నారు బాబూ?”

“దగ్గర్లోనే అండి.”

“పొద్దున్నుంచీ దగ్గర్లోనే ఉన్నారు. అపరాహ్ణం దాటితే నేనేం చెయ్యలేను మరి.”

మా అత్తగారు ఆ మాట విన్నారు. “ఈసారి కూడా నేను చూడలేనా కరుణా?” అన్నారు నాతో. అంత చిన్న గొంతు ఆవిడ దగ్గర నేనెప్పుడూ వినలేదు.

పొన్నూరు దాటాక రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. కోతల రోజుల్లో మా వైపు రోడ్డులో సగం వడ్లకే. అంచు వెంట రాళ్ళు పెడతారు, మిగిలిన సగంలో బళ్ళన్నీ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ పోవాలి. ఎదురుగా లారీ వచ్చింది. ఇంకెవరైనా అయితే రెండు రాళ్ళు తప్పించి, వడ్ల అంచు మీదుగా మెల్లగా పోనిచ్చేవారు. మధుబాబూ అదే చేశాడు. కాని అతని కారు వడ్ల మీదికి ఎక్కలేదు, వడ్లలోకి దూరింది. మూతితో చేటకెత్తినట్టు ఎత్తి, తోసుకుంటూ పోయి, పెద్ద కుప్ప ముందు పెట్టుకుని ఆగిపోయింది. కిందంతా వడ్లే. ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కాపలా కాస్తున్న రైతు లేచి వచ్చాడు. ఆయన పేరు జకరయ్య అని తర్వాత తెలిసింది. కోప్పడతాడనుకున్నాను. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఏంటి బాబూ, కొత్త రకం మిషనా? కుప్ప బాగా చేసింది. సాయంత్రం దాకా ఉంటే మిగతాది కూడా చేసిపెడుతుందా?”

“సారీ అండి, ఇది కిందికి దిగేట్టు చేయించాను...”

“చేయిస్తే చేయించారులెండి, వెంట ఓ పార పెట్టుకుని తిరగాలి కదా.”

మధుబాబు మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తో వడ్లు లాగడం మొదలుపెట్టాడు. ఎంత లాగినా పైనుంచి జారుతున్నాయి. జకరయ్య పార తెచ్చి తనూ లాగాడు. పొద్దు నడినెత్తికి వస్తోంది. దూరంగా బాపట్ల బస్సు కనిపించింది.

“కరుణా, నన్ను దింపమ్మా” అన్నారు మా అత్తగారు.

“అమ్మా, ఇంకొక్క పది నిమిషాలు, వచ్చేస్తుంది” అన్నాడు మధుబాబు.

“వచ్చేదాకా నీ కారు దగ్గర నువ్వుండు. నేను పోతా.”

“నేను కర్తని కదమ్మా, నేను లేకుండా ఎలా? మరి కారు...”

“ఒరే, అన్నకి పిండం నువ్వు పెడతావా, నీ కారు పెడుతుందా? అది తేల్చుకో.”

మధుబాబు నిలబడ్డాడు. మోకాళ్ళకి వడ్లు అంటుకుని ఉన్నాయి. కారు వంక చూశాడు, తల్లి వంక చూశాడు. జకరయ్య చెయ్యెత్తి బస్సు ఆపాడు, తన కుర్చీ తెచ్చి బస్సు మెట్టు కింద వేశాడు. ఆయనొకవైపు, నేనొకవైపు పట్టుకుంటే మా అత్తగారు కుర్చీ మీదుగా ఎక్కారు. మధుబాబు డిక్కీ తెరిచి సామాను మోసుకొచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టి కూడా వెనక్కి చూశాడు.

“ఎల్లండి బాబూ, నేనుంటాను. అయినా దాన్నెవడెత్తుకుపోతాడు, ముందు అది నేల మీంచి లేవాలి కదా” అన్నాడు జకరయ్య.

బస్సు పాతది. కిటికీలు గలగలమన్నాయి, అడుగడుగునా మూలిగింది. కాని గతుకు వచ్చినప్పుడు పైకి లేచి, మెల్లగా దిగింది. లేవడానికీ దిగడానికీ దానికి చోటుంది. డ్రైవరు వెనక సీట్లో మా అత్తగారు కిటికీకి తల ఆనించి కునుకు తీశారు. మధుబాబు రాడ్డు పట్టుకుని, భుజాన అరిటాకుల కట్టతో నిలబడ్డాడు.

మధుబాబు వేయించినలాంటి మరలు తిప్పే సస్పెన్షన్ చిన్న కారుకి అవసరమా అని ఎవరైనా నన్నడిగితే, చదువుకోనిదాన్నైనా నాకు తోచింది చెబుతాను. రోజూ నున్నటి రోడ్డు మీద ఒక్కళ్ళే తిరిగేవాళ్ళకి ఉంటే ఉండనివ్వండి, సరదా. ఎక్కే మనిషిని బట్టి, వెళ్ళే రోడ్డుని బట్టి ముందే ఓపిగ్గా మార్చుకునేవాళ్ళకైతే మంచిదే. ఫొటోలో ఎలా కనిపించాలో చూసుకుని ఒకసారి దింపి, ఇక దాని జోలికి పోనివాళ్ళకి కంపెనీ స్ప్రింగే మేలు. దాన్ని బిగించినవాళ్ళు కారులో ముసలమ్మలు కూడా ఎక్కుతారని అనుకునే బిగించి ఉంటారు.

బాపట్లలో ఆటో ఎక్కి సూర్యలంక చేరాం. పురుషోత్తంగారు ఒడ్డున గొడుగు వేసుకుని, వాచీ చూసుకుంటూ ఉన్నారు. మేఘన పక్కనే ఉంది. ఆటో ఇసుక దాకానే పోయింది. అక్కణ్ణుంచి నీళ్ళ దాకా మెత్తటి ఇసుక, చేతికర్ర దిగబడిపోతోంది. మా అత్తగారు రెండడుగులు వేసి ఆగిపోయారు.

“మీరు వెళ్ళి కానివ్వండి. నేను ఇక్కణ్ణుంచే చూస్తాలే” అన్నారు. అక్కణ్ణుంచి నీళ్ళు కూడా సరిగా కనిపించవు.

మధుబాబు చెప్పులు విడిచాడు. చొక్కా విప్పి మేఘనకిచ్చాడు. తల్లిని చంటిపిల్లలా రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. ఇసుకలో తూలకుండా పాదం పూర్తిగా ఆనించి, ఒక్కొక్క అడుగే వేశాడు. నేను పక్కనే నడిచాను. ఆవిడ మొహంలో నొప్పి ఏమైనా కనిపిస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను. కనిపించలేదు. ఇంత ఒద్దిక ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో అని కోపమొచ్చింది.

నీళ్ళలో పిక్కల దాకా దిగాడు. అల వచ్చి వెనక్కి పోయింది. మా అత్తగారు చెయ్యి చాపారు, అందలేదు.

“కొంచెం కిందికి దించరా” అన్నారు.

మధుబాబు మోకాళ్ళు వంచాడు. రెండో అల ఆవిడ చేతి మీదుగా పోయింది.