మైకులో మొగుడూ పెళ్ళాల తగువు

గొంతు బాగుంటే చాలు, జీవితం దానంతటదే బాగుపడుతుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. తొంభైల చివర. టెక్కలిలో డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం వచ్చేదాకా (దానికేమీ తొందర లేనట్టుండేది) ఒక మైకు ఆటోలో కూర్చుని ప్రకటనలు చదివేవాణ్ణి. ఇప్పుడైతే గొంతు రికార్డు చేసి పంపేస్తే సరిపోతుంది గానీ, అప్పట్లో గొంతు వెంట మనిషి కూడా వెళ్ళాలి. ఆటో నెత్తిన బాకా, వెనక సీట్లో బ్యాటరీ, ఆంప్లిఫయరు, వాటి మధ్య ఇరుక్కుని నేను. చీరల ఎగ్జిబిషనుకీ, కంటి శిబిరానికీ, హాల్లో సినిమా మారినప్పుడూ ఒకటే గొంతు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ పద్ధతికి కాస్త బెల్లప్పాకం పట్టించి, 'తరలి రండి' అన్నచోట చివర చిన్న వణుకు వేసేవాణ్ణి. ఆ వణుకు కోసం అద్దం ముందు నిలబడి సాధన చేస్తుంటే, ఆఫీసు నుంచి వచ్చిన మా నాన్న గుమ్మంలోనే ఆగి, "జొరమొచ్చిందేట్రా?" అని అడిగేవారు.

దసరా వెళ్ళాక ఒకనాడు మండలాఫీసు పెద్దాయన మా ఆటోని పిలిపించారు. సముద్రంలో తుపాను పుట్టిందట, అక్కుపల్లి వైపు తీరం వెంట పల్లెలన్నీ తిరిగి హెచ్చరిక చదవాలట. ప్రభుత్వ ప్రకటన చదవడం నా కళాజీవితంలో అదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను (గాలివానలో ఎవరికి చూపిద్దామనో). ఆటో నడిపే బావ, అంటే నాకు చుట్టరికమేమీ లేదు, అందరికీ బావే, తీరం దారి పట్టించాడు. నేను మైకు అందుకుని, "బంగాళాఖాతంలో కేంద్రీకృతమైన వాయుగుండం తీవ్ర తుపానుగా మారిన దృష్ట్యా ప్రజలు తక్షణమే సురక్షిత ప్రాంతాలకు తరలి వెళ్ళవలసిందిగా..." అని మొదలుపెట్టాను. తరలి దగ్గర నా వణుకు కూడా వేశాను.

జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. నా గుండె ఉప్పొంగింది. ఒకామె ఆటో పక్కన నడుస్తూ, "చీరలెక్కడ బాబూ, కాశీబుగ్గలోనా?" అంది. చీరలు కాదమ్మా, తుపాను అన్నాను. "సురక్షిత ప్రాంతమంటే ఏ ఊరు బావా? మందస ఏపా, సోంపేట ఏపా?" అని ఇంకొకాయన అడిగాడు. మూడో నంబరు ప్రమాద సూచిక అని చదివితే, "ఒకటీ రెండూ ఎప్పుడెల్లిపోనాయి? మాకు సెప్పనేదే!" అని ఒక ముసలాయన నొచ్చుకున్నాడు. గొంతు బాగుంది, మళ్ళీ చదవమన్నారు. నేను మళ్ళీ చదివాను. ఒక్క మనిషీ ఊరు కదల్లేదు.

ఆ తుపాను చివర్లో కాస్త పక్కకి తిరిగి వెళ్ళింది కాబట్టి సరిపోయింది. అయినా పడవలు పోయాయి, గోడలు కూలాయి. ఒక ఇంట్లో అవ్వా మనవరాలూ కూలిన గోడ కింది నుంచి దెబ్బలతో బయటపడ్డారు. వారం తర్వాత పలాసలో మా అత్త ఇంటికి వెళ్ళి ఇదంతా కథగా చెప్పాను, చీరలెక్కడ అన్నామె గొంతుతో సహా. ఇంటిల్లిపాదీ నవ్వారు, అత్త తప్ప.

అత్త అంటే మా నాన్నగారి అక్క. వయసులో ఉండగా పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు వేసింది. గుమస్తాల కుటుంబంలో అది చాలా పెద్ద నేరం గనక మా ఇళ్ళల్లో ఆ సంగతి గొంతు తగ్గించి చెప్పుకునేవారు. అప్పటికి ఆమె వేషాలు మానేసి కాశీబుగ్గలో ఒక బడిలో సంగీతం చెబుతోంది. నడక మాత్రం రాణీదే. కూరగాయలు బేరమాడినా వెనక ఎవరో వింజామర వీస్తున్నట్టే ఉండేది.

"వాళ్ళెందుకు కదల్లేదు?" అంది అత్త.

"వాళ్ళకి లెక్కలేదత్తా. ఎన్ని చూడలేదు అనుకుంటారు."

"జనం నవ్వాల్సిన చోట నవ్వకపోతే, ఇంటికొచ్చి జనాన్ని తిడతామేట్రా? మన వేషంలో ఏటి లోపమో చూసుకుంటాం. ఈసారి ఆ గాలి పక్కకి తిరక్కపోతే?"

అత్త నా జవాబు కోసం ఆగలేదు. సంక్రాంతి సెలవులకి మూటాముల్లె సర్దుకుని, నన్ను వెంటేసుకుని, ఆ తీరంలోనే ఒక పల్లెకి వెళ్ళి చేపలమ్మే ఒక వదిన ఇంట్లో మకాం పెట్టింది. "మీకేటి పని ఇక్కడ?" అని ఆ వదిన అడిగితే, "మీరు ఎవరు పిలిస్తే లేస్తారో తెలుసుకుందామని" అంది. వదిన గంప సర్దుకుంటూ, "పోలీసొత్తే లెగుత్తాం. అమ్మోరు పూనితే కూకుంటాం" అంది.

అక్కణ్ణించి నా కష్టాలు మొదలయ్యాయి. వలలు బాగుచేసుకునే చోట, వాటా చేపలు పంచుకునే చోట నన్ను చేతి మైకుతో నడిపించి, రోజుకో గొంతు వెయ్యమనేది. మొదట రాజు గొంతు వేశాను. చప్పట్లు కొట్టి, పద్యం కూడా పాడమన్నారు. మర్నాడు ఏడుపు గొంతు. ఒక తాత పక్కన కూర్చుని, నా భుజం నిమిరి, "ఎవులు పోనారు నాయినా?" అన్నాడు. వేలంపాట గొంతు వేస్తే ముగ్గురు చేపల ధర చెప్పారు. నేను ఇంత చేస్తుంటే అత్త నావైపు చూసేదే కాదు. వినేవాళ్ళనే చూసేది. ఎవరు ఆగారు, ఎవరు తల తిప్పారు, ఎవరు పని మానలేదు.

"అందరూ నావైపే చూశారు కదత్తా!" అన్నాను ఒకరోజు, కాస్త గర్వంగా.

"తల తిప్పితే చాలదురా. చేతిలో గిన్నె కింద పెట్టాలి."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాతి ఆదివారం అర్థమైంది. వదిన ఇంటికి ఎదురు వరసలో ఒక మొగుడూ పెళ్ళాలు దెబ్బలాటకి దిగారు. వల అమ్మాలా వద్దా అన్న తగువు. ఆమె ఒకటంటే అతను రెండంటున్నాడు. వీధిలో ఉన్న ప్రతి ఇంట్లోంచీ జనం వచ్చేశారు. చేపలు కడుగుతున్నవాళ్ళు, బియ్యం చెరుగుతున్నవాళ్ళు, నీళ్ళు మోస్తున్నవాళ్ళు, అందరూ నిలబడిపోయారు. నేనూ నోరు తెరుచుకుని చూస్తుంటే అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూశావా? గిన్నెలన్నీ కిందే ఉన్నాయి!" ఆమె కళ్ళు అలా మెరవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ మర్నాటి నుంచి ఇంటింటికీ వెళ్ళి, మొన్నటి తుపానుకి ఎందుకు కదల్లేదని అడగడం మొదలుపెట్టింది. కోళ్ళన్నారు, వలలన్నారు, దొంగలన్నారు. మగవాళ్ళు ఇలా చెబుతున్నప్పుడు వెనక ఆడవాళ్ళు మాట్లాడకుండా నేల చూపులు చూడటం నేను గమనించలేదు. అత్త గమనించింది. వాళ్ళని విడిగా పిండి రుబ్బే దగ్గర, నీళ్ళ దగ్గర పలకరించింది. చాలా ఇళ్ళల్లో ఆవిడ వెళ్దామనే అందట, ఆయన వినలేదట. "వాళ్ళకి ప్రాణభయం ఉందిరా, మాటే అందలేదు. వేషం ఉంది, సంభాషణ లేదు. అది మనం రాసివ్వాలి" అంది. (రాయడమంటే మాటవరసకే. నోటితో అల్లి, నాచేత వల్లె వేయించింది.) చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని తిట్లు నేర్చుకుంది. రాణి వేషాలు వేసిన నోటితో 'నీ జిమ్మడిపోను' అనడం వాళ్ళే నేర్పారు. ఆమె సరిగ్గా అన్ననాడు వాళ్ళు పొంగిపోయి పులుసు వండి పెట్టారు. అత్త చేప తినేది కాదు, వాసనకి కళ్ళు మూసుకుని అన్నమంతా తినేసింది.

అలా తయారైంది మా తగువు. అందులో 'సురక్షిత ప్రాంతం' తీసేసి, బడి దగ్గరున్న తుపాను షెల్టరు పేరు పెట్టాం, అక్కడి జనం నోట అది తుపాను బిల్డింగు. మైకులో నేను మొగుణ్ణి, మా అత్త పెళ్ళాం. ఇరవై రెండేళ్ళ వయసులో, నన్ను ఎవరో ఒక అమ్మాయి గొంతు విని ప్రేమిస్తుందని కలలు కంటున్న రోజుల్లో, నాకు దక్కిన మొదటి కథానాయిక మా నాన్నగారి అక్క.

పెద్దాయనకి వినిపించడానికి మండలాఫీసుకి వెళ్ళాం. "పరిశోధన చేశారా! మొగుడూ పెళ్ళాల తగువు మీదా?" అన్నారాయన. "అవునండి" అంది అత్త, చాలా మర్యాదగా. ఆయన మంచి మనిషే. తల గోక్కుని, "ప్రభుత్వ ప్రకటన చదవకుండా డ్రామా వేస్తే నా ఉద్యోగం పోద్దమ్మా. ముందు అది చదివించండి, తరవాత మీ ఇష్టం" అన్నారు.

మరుసటేడు గాలి మళ్ళీ వచ్చింది. ఈసారి సూటిగా వస్తోందన్నారు. మధ్యాహ్నానికే ఆకాశం సీసంలా అయిపోయింది. కొబ్బరి మట్టలు దారికి అడ్డంగా పడుతుంటే ఆటో బావ దిగి తీసి పారేస్తున్నాడు. అత్త కొంగు నడుముకి బిగించి, నెత్తిన తువ్వాలు కట్టుకుని మైకు నోటికి దగ్గరగా పట్టుకుంది. నేను ప్రకటన గబగబా చదివేసి గొంతు మార్చాను.

"ఓలయ్యా, గాలి లెగుత్తంది. పొద్దు వాలకముందే బడికాడ తుపాను బిల్డింగుకి ఎల్దాం, లెగు!"

"నాను రాను. నా వలెవుడు సూత్తాడు?"

"వలని మడతెట్టి బుజానేసుకో. అదే పెళ్ళామనుకున్నావు, మొయ్యలేవేటి?"

"కోళ్ళో?"

"గంపకింద ఎట్టి నాను మోత్తాను. నిన్నూ ఎట్టీసుకుందును గానీ, గంప సాలదు."

"ఇల్లొగ్గీసెల్తే దొంగలు పడరా?"

"ఇంత గాలిలో దొంగడు మాత్తరం ఇంటికాడుంటాడేటి, నీ జిమ్మడిపోను! ఆడూ బిల్డింగుకే ఒత్తాడు. ఆడి పక్కనే కూకో!"

తలుపులు తెరుచుకున్నాయి. తగువు ఎవరిదా అని చూడటానికి వచ్చినవాళ్ళు అలాగే నిలబడి విన్నారు, నవ్వారు, ఆకాశంకేసి చూశారు. ఒక ఇంటి ముందు ఒకాయన చేతులు కట్టుకుని, మైకులో నా మాటతో సమానంగా, "నానూ రాను!" అన్నాడు. అత్త జవాబు చెప్పేలోపే గుమ్మంలోంచి అతని భార్య అందుకుంది. "నువ్వు రాపోతే నీ అమ్మనీ పిల్లల్నీ నాను తీసుకెల్తాను. నువ్వూ నీ వలా ఇక్కడే కాపరం సేసుకోండి!" అంటూ ముసలమ్మ చెయ్యి పట్టుకుని వానలోకి దిగేసింది. అతను కట్టుకున్న చేతులు విప్పి, వల భుజాన వేసుకుని వెనకాలే పరుగెత్తాడు. అత్త మైకు దించేసి, "నాకన్నా బాగా అందిరా. ఆ మాట మనకి తట్టలేదు" అంది.

పొద్దువాలేసరికి షెల్టరు నిండిపోయింది. చుట్టుపక్కల పల్లెల జనం, మేకలు, గంపల్లో కోళ్ళు, ఒకరి మీద ఒకరు. పెద్దాయన తలుపు దగ్గర నిలబడి అందరూ వచ్చారా అని అడుగుతున్నారు. అంతలో పక్క పల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ లేచి గొడవ మొదలుపెట్టింది.

"ఆ తగువాడుకున్నోలు రానేదర్రా! ఆడు మొండోడు, ఎంత సెప్పినా ఇననేదు. ఆయమ్మ ఒక్కతీ ఏటి సేత్తాది? ఎవులైనా ఎల్లి తీసుకురండర్రా!"

ఆమె గొంతులో భయం నిజమైనది. ఏ ఇల్లో ఎవరికీ తెలియదు గానీ, ఇద్దరు మగవాళ్ళు తువ్వాళ్ళు తలకి బిగించి తలుపు వైపు నడిచారు. బయట గాలి అప్పటికే ఊళ వేస్తోంది. అత్త గబుక్కున లేచి వాళ్ళకి అడ్డంగా నిలబడింది. మధ్యాహ్నం నుంచి అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. గాలిలాంటి గొంతుతో, "మేమేనమ్మా ఆ మొగుడూ పెళ్ళాం. వచ్చేశాం" అంది.

ముసలమ్మ లాంతరు ఎత్తి అత్తని చూసింది. తర్వాత నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఈడేటి నీ మొగుడు?"

"మా తమ్ముడి కొడుకమ్మా."

షెల్టరు మొత్తం నవ్వింది. మేకలు కూడా అరిచాయి. ముసలమ్మ మాత్రం నవ్వలేదు. నా వీపు మీద ఒక్కటి చరిచి, "మరి రానూ రానని ఎందుకలగ మొండికేసినావురా సచ్చినోడా, నా గుండె ఆగిపోనాది!" అని, తన మూటలోంచి పొడి తువ్వాలు తీసి అత్తకిచ్చి, గుప్పెడు మరమరాలు నా చేతిలో పోసింది.

తెల్లారేసరికి గాలి తగ్గింది. ఇళ్ళు పోయాయి, తోటల్లో కొబ్బరిచెట్లు తలలు తెగి పడున్నాయి. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. జనం కోళ్ళ గంపలు నెత్తిన పెట్టుకుని ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. నేను ఆటోలో కూర్చుని, అద్దం నావైపు తిప్పుకుని తల దువ్వుకుంటున్నాను, మైకులో మొగుడు ఎవరో గుర్తుపట్టడానికి వీలుగా. ఒకమ్మాయి నన్ను చూసి నవ్వింది కూడా. (చొక్కాకి అంటుకున్న కోడి ఈక చూసి నవ్విందని తర్వాత తెలిసింది.) అత్త నా వెనక షెల్టరు తలుపు దగ్గర నిలబడి వెళ్ళేవాళ్ళనే చూస్తూ, గొంతు లేకపోయినా పెదవులు కదుపుతోంది. ఏదో మాట సరిచేసుకుంటోంది కాబోలు, మళ్ళీ గాలి వచ్చేనాటికి. నన్ను పిలిచి ఏదో గుసగుసగా చెప్పింది. నేను వినకుండానే తలూపాను.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. అప్పటి ఆమె వయసు ఇప్పుడు నాకు వచ్చింది. ఆ ఉదయం ఆమె గుసగుసగా ఏమందో, ఆమె ముఖం ఎలా ఉందో గుర్తు చేసుకుందామంటే నా దువ్వెన, నా జుట్టు, ఆ కోడి ఈకా గుర్తొస్తాయి. ఆటో బావ అప్పుడే అన్నాడు కూడా, "అద్దం నీ ఏపు తిప్పకు బావా, నీ మొకం తప్ప ఎనకాలేటీ కనపడదు" అని. నేను నవ్వేసి, పాపిడి ఇంకోసారి తీసుకున్నాను.