స్క్రూలు లేని తోట

మానవజాతి చరిత్రలో నిప్పు రాజుకున్న రోజుకు ఎంత ప్రాధాన్యం ఉందో, ఆ ఇంటి చరిత్రలో స్క్రూల బాబాయి మొదటిసారి తాతగారి టార్చిలైటు విప్పిన రోజుకు అంత ప్రాధాన్యం ఉంది. అప్పటికాయన పలక పట్టే వయసువాడు. టార్చి శుభ్రంగా వెలుగుతోంది. అందుకే విప్పాడు. వెలుగుతున్నది ఎందుకు వెలుగుతోందో చూడకుండా ఊరుకోవడం ఆయన దృష్టిలో ఒక రకం అమాయకత్వం. ఆ టార్చి మళ్లీ వెలగలేదు గాని, ఒక శకం మొదలైంది. ఆ తరవాత టేబుల్ ఫ్యాన్ల యుగం, ఇస్త్రీపెట్టెల యుగం, చివరికి స్వర్ణయుగమని చెప్పదగ్గ మిక్సీల యుగం వరసగా నడిచాయి. పొద్దున లేచాక ఏదో ఒకదాని మూత తీస్తేనే ఆయనకు తెల్లవారినట్టు.

బజారు మలుపులో ఆయనకో రిపేరు కొట్టు ఉండేది. వీధివీధంతా స్క్రూల బాబాయి అనే పిలవడంతో, అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. రానురాను జనం మారారు. మిక్సీ మూలిగితే బాగుచేయించడం మానేసి కొత్తది తెచ్చుకోవడం మొదలుపెట్టారు. బల్ల ముందు కూర్చుని రోజంతా వీధినే చూడాల్సి వచ్చేసరికి ఆయన షట్టరు దించి, పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

ఇక్కడే చిక్కొచ్చింది. పగటిపూట ఆ ఇల్లు ఆయనది కాదు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఏళ్లతరబడి ఆయన భార్య బట్టలు కుడుతోంది. బడిపిల్లల నీలం యూనిఫాంలు గుట్టలుగా పడి ఉండే ఆ గదిలో ఆమె మాటే చట్టం. బాబాయి వచ్చిన వారంలోనే గోడగడియారం విప్పాడు, కుళాయి విప్పాడు. ఆమె సహించింది. ఒక మధ్యాహ్నం ఆమె గుండీలు కొనడానికి బయటికి వెళ్లినప్పుడు, ఏ రోగమూ లేని కుట్టుమిషనును విప్పాడు. నూనె పోసి, తుడిచి, మళ్లీ బిగించాడు. అంతా అయ్యాక అరచేతిలో చిన్న స్ప్రింగు ఒకటి మిగిలింది. అది లేకుండా కూడా మిషను తిరుగుతోంది కదా అని జేబులో వేసుకున్నాడు.

ఆమె వచ్చి పెడలు మీద కాలు పెట్టింది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో ఆపేసింది. ఎవరు విప్పారని అడగలేదు. కాలికే తెలిసిపోయింది. ఆ మిషనును దారిలో పెట్టడానికి బయటి మెకానిక్కును పిలిపించాల్సి వచ్చింది. చరిత్రకారులు ఉంటే ఆ రోజును నల్లసిరాతో రాసుకునేవారు.

"ఏమండీ, ఒక మాట చెబుతాను, వింటారా?" అంది ఆ సాయంత్రం.

"చెప్పు."

"నా మిషను మీద ఇంకోసారి చెయ్యి పడిందంటే, మిమ్మల్నీ దాన్నీ ఒకే బండి ఎక్కించి పంపించేస్తా."

"ఎక్కడికి?"

"అది బండివాడు చూసుకుంటాడు. ఇదిగో, ఈ బాల్కనీ మీది. అక్కడ ఏం చేసుకుంటారో చేసుకోండి. ఆ స్క్రూడ్రైవరు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు."

అలా సరిహద్దు ఖరారైంది. చలి మూటాముల్లె సర్దుకుంటున్న రోజులు. ఎండకింకా కోపం రాలేదు. మధ్యాహ్నం దాకా బాల్కనీలో పడుతూ ఊరికే పోతున్న ఆ ఎండను చూసి, పై ఇంటి టీచరమ్మ ఇన్ని విత్తనాలు పొట్లం కట్టి ఇచ్చింది. "వేసి చూడండి బాబాయిగారూ, మీకూ పొద్దుపోతుంది," అంది.

తోటకు కావలసిన సరంజామా అంతా మూసేసిన కొట్లోనే దొరికింది. పాత వాషింగ్ మిషను డ్రమ్ముకు చిల్లులు పొడిచే పని కూడా లేదు, పుట్టుకతోనే ఉన్నాయి. అందులో టమాటా వేశాడు. ఫ్రిజ్జులో కూరగాయలు పెట్టుకునే సొరుగులో కొత్తిమీర. రంగుడబ్బాల్లో బీన్సు. పగిలిన మిక్సీ జార్లలో బంతి. మిగతావాటికి అడుగున డ్రిల్లుతో చిల్లులు వేసి, అన్నిటిలోనూ ఎర్రమట్టి, ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపి, పైన చెంచాతో ఇస్త్రీ చేసినట్టు చదును చేశాడు. ఇంత నాజూకుగా సర్దిన మట్టి ఆ వీధిలో మరోటి లేదు.

మర్నాడు పొద్దున్నే పట్టకారు తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు. బీన్సు గింజను పైకి తీశాడు, భూతద్దంలో చూశాడు, తిరిగి పెట్టాడు. ఆ మర్నాడూ తీశాడు. గింజ ఉబ్బింది. మరుసటి రోజూ తీశాడు. తొక్క చిట్లి తెల్లటి ముక్కు ఒకటి బయటికి వచ్చింది. వంకరగా ఉంది పాపం అని నిలబెట్టబోయాడు. టక్కున విరిగింది.

"ఏం వెతుకుతున్నారు బాబాయిగారూ? ఉంగరమేమన్నా జారిపోయిందా?" పైనుంచి టీచరమ్మ తొంగి చూసింది.

"లేదమ్మా. గింజ ఎంతవరకు వచ్చిందో చూస్తున్నా."

"రోజూ అలా దుప్పటి లాగేస్తే అదేం వస్తుందండీ? దానికి మాత్రం సిగ్గుండదూ?"

ఆయనకు నవ్వు రాలేదు. విరిగిన ముక్కును వేళ్ల మధ్య పట్టుకుని భూతద్దంలో చూశాడు. యంత్రం ఓపికగలది. ముక్కలుముక్కలుగా బల్ల మీద పరిచినా, పని ఎక్కడ ఆగిందో అక్కడే ఆగి ఎదురుచూస్తుంది. గింజ అలా కాదు. మూసి ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. తీసి చూశామా, చూస్తున్నది పని ఆగిపోయిన గింజనే. ఇన్నాళ్లూ తెలుసుకోవడమంటే విప్పడమే అనుకున్నాడు. విప్పకుండా ఒకదాని పక్కన ఉండటం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇంకొకరు పనిచేసుకుంటున్న ఇంట్లో ఖాళీ చేతులతో కూర్చోవడమూ అంతే.

తెలిసినంత మాత్రాన చెయ్యి ఊరుకుంటుందా? ఆ వారమంతా అదే తంతు నడిచింది. డబ్బాలన్నీ బోసిగా, చదునుగా అలాగే ఉండిపోయాయి. చివరికి ఆయన బాల్కనీకి వీపు పెట్టి, గడప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. చూపు ముందుగదిలోకి, అక్కడ తిరుగుతున్న చక్రం మీదికి పోయేది. ఆమె కుడుతూ కుడుతూ ఓరకంట ఆ చూపును గమనించేది. తోట ఓడిపోతే తరవాత దండయాత్ర ఎటువైపో ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. తన చేతుల మీద నమ్మకం లేక వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక ఉదయం క్షవరం చేయించుకుని తిరిగొచ్చేసరికి డ్రమ్ములో టమాటా మొక్క నిలబడి ఉంది. పచ్చగా, ఆకులు విప్పుకుని, బాగా ఎదిగిన మొక్క. ఆయన చెప్పులు కూడా విప్పకుండా డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాడు. మరుక్షణం ఆయనలోని మెకానిక్కు లేచి కూర్చున్నాడు. మొదలు చుట్టూ మట్టిని ఎవరో బొటనవేలితో అదిమారు. చెంచా నునుపు లేదు. ఆ మట్టి మీద నీలం దారప్పోగు ఒకటి పడి ఉంది.

కొట్లో ఉన్నన్నాళ్లూ వచ్చినవాళ్లను ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే. దాన్నే ఇప్పుడు గడప దగ్గర నిలబడి అడిగాడు.

"ఏమే, ఆ డ్రమ్ము ఎవరన్నా ముట్టుకున్నారా?"

"అబ్బే, ఎవరు ముట్టుకుంటారు? నాకెక్కడ తీరిక?" మిషను ఆగలేదు.

కొట్లో అందరూ అక్షరం పొల్లుపోకుండా ఇలాగే చెప్పేవారు. స్క్రూ తలలు అరిగిపోయి ఉన్నా, వాషర్లు తిరగబడి ఉన్నా, ఆయన ఏనాడూ ఎవరినీ నిలదీయలేదు.

"మొక్క వచ్చింది," అన్నాడు.

"రాక ఏం చేస్తుంది, మీరంత కష్టపడితే?"

"నేను క్షవరం చేయించుకొచ్చేలోపు జానెడు పెరిగింది."

మిషను చప్పుడు కాస్త తడబడింది. "ఎరువు మంచిదై ఉంటుంది," అంది తల ఎత్తకుండా.

 గుట్టగా ఉన్న కుట్టుపని వదిలి, ఆమె రోడ్డు చివరి నర్సరీ దాకా ఎండలో నడిచి వెళ్లి, తన కంటపడకుండా తెచ్చి నాటిందన్నమాట. తన మిషనును కాపాడుకోవడానికే కావచ్చు. కాని మిషనును కాపాడుకోవాలంటే గది తలుపుకు గడియ పెట్టుకుంటే సరిపోయేది.

"ఒక దారం ముక్క ఇలా ఇయ్యి. పుల్లకు కట్టాలి."

ఆమె నీలం దారం మూరెడు తెంపి, కూర్చున్నచోటి నుంచే గడప మీదుగా చెయ్యి చాపింది. ఆయన వెదురుపుల్ల గుచ్చి, కాండం ఒరుసుకోకుండా వదులుగా ముడివేశాడు. పట్టకారును తుడిచి, పెట్టె అడుగున పెట్టి, పైన బరువైన సుత్తి పెట్టాడు. చూసేవాళ్లుంటే, ఒక మహాయోధుడు అస్త్రసన్యాసం చేశాడనే అనుకుని ఉండేవారు. లోపల మిషను నిదానంగా, ఒక్క కుట్టూ తప్పకుండా సాగిపోతోంది. ఆయన డ్రమ్ము పక్కన పీట వేసుకుని కూర్చుని, లోపమెక్కడని వెతక్కుండా కాసేపు ఊరికే విన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన కుట్టుమిషను జోలికి పోలేదు, టమాటా జోలికీ పోలేదు. కొత్తిమీరను మాత్రం రోజూ తవ్వి చూస్తున్నాడు.