రస్సెల్ వదిలేసిన బంతి

2019 జూలై. బెంటన్‌విల్ నుంచి కారులో గంట దూరంలో, అర్కాన్సా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో నాకు ట్రోఫీల షాపు ఉంది. మావారి ఉద్యోగం బెంటన్‌విల్‌లో. గుంటూరులో చదివిన నా బీకామ్‌ని ఇక్కడ అడిగే నాథుడు లేక, రిటైరవుతున్న ఒక పెద్దాయన దగ్గర ఈ షాపు కొనుక్కుని అప్పటికి పదకొండేళ్ళు. కప్పులు, షీల్డులు, ఆఫీసు తలుపుల మీద పేర్లు, ఆఖరికి కుక్కల మెడలో వేసే బిళ్ళలు కూడా చెక్కి ఇస్తాను. మిషన్ లేజర్‌ది. ఒకసారి అక్షరం పడిందా, ఇక చెరపడం ఉండదు.

అందుకే మా పనిలో ప్రూఫ్ అనేది ప్రాణంతో సమానం. చెక్కబోయేదంతా ముందు కాగితం మీద వేసి చూపిస్తాం. కస్టమరు చదివి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడనిదే నేను మిషన్ ఆన్ చేయను. "సాక్షాత్తూ వెంకటేశ్వరస్వామి వచ్చినా సంతకం పెట్టమంటావు" అని మావారు వెక్కిరిస్తారు. పెట్టమంటాను, తప్పేముంది? నామాలు అటూ ఇటూ అయితే పలక ఎవరు మారుస్తారు?

ఆ నెల మొదటి వారంలో హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్ హారిస్ ఒక ప్లాస్టిక్ డబ్బా మోసుకొచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఇక్కడి ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది కాదు; కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేది, ఒకరి మీద ఒకరు పడిపోయేది. ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. స్టేట్ ఛాంపియన్‌షిప్ నాలుగుసార్లు గెలిచిన జట్టు మరి!

"మిస్ పద్మా, చలికాలంలో పైపు పగిలి మా పాత కాగితాలన్నీ ముద్దయిపోయాయి. మిగిలినవి ఇవే. ఇదేం కోడో మాకు అర్థం కావట్లేదు," అన్నాడు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి; నేను మన భాషలో చెబుతున్నాను.

డబ్బా తెరిచి చూస్తే తొమ్మిది లాంగ్ నోటుబుక్కులు. లోపల చక్కటి తెలుగు!

"కోడ్ కాదు కోచ్, ఇది మా భాష."

అవి అన్నపూర్ణ టీచరుగారివి. ఆవిడ భర్త డెబ్బైల్లోనే ఈ ఊరికి వచ్చిన డాక్టరు. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. స్టేడియం పైన అద్దాల గదిలో కూర్చుని, బైనాక్యులర్స్ పెట్టుకుని, దాదాపు ముప్ఫై ఏళ్ళు ప్రతి ఆటా రాసిపెట్టారు. పిల్లలంతా మిస్ అన్నా అనేవారట. రిటైరయ్యాక వాషింగ్టన్ రాష్ట్రంలో కూతురుండే బాతెల్ అనే ఊరికి వెళ్ళిపోయారు.

"ఆవిడ రాకముందు మేం చరిత్ర అనదగ్గదేం చేయలేదులే," అని కోచ్ నవ్వాడు.

అతనికి కావలసింది స్కూలు వరండాలో ఒక గోడ. సీజన్‌కి ఒక ఇత్తడి పలక చొప్పున గెలుపోటములు, కెప్టెన్ల పేర్లు, ఆ ఏటి కథ ఒక్క వాక్యంలో. ఇలా ఏటా ఒక పలక చేర్చుకుంటూ పోయే బోర్డుని మేం పర్పెచ్యువల్ ప్లాక్ అంటాం. ఆగస్టు ఆఖరులో సొంత స్టేడియంలో మొదటి ఆట నాటికి గోడ సిద్ధం కావాలి.

నాకు ఫుట్‌బాల్ ఓనమాలు రావు. పుస్తకాలు నా దగ్గరికొచ్చాయని టీచరుగారికి ఫోన్‌లో చెప్పి, ఒకటి తెరిస్తే 'తోపు', 'విసురు', 'పట్టు', 'కుప్ప' అని వరసగా ఉన్నాయి. మొదటి రోజు ఏదో వంటకం రాసుకున్నారేమో అనుకున్నాను. రెండు వారాలు తిప్పలు పడ్డాక దారిలో పడ్డాను. తోపంటే బంతి పట్టుకుని దూసుకుపోవడం. విసురు అంటే పాస్. కుప్ప అంటే అందరూ మీద పడిపోవడం. ప్రతి సీజన్ చివరా ఆవిడ ఫలితాన్ని ఒకటి రెండు మాటల్లో రాసేవారు, నాకు అవే పనికొచ్చేవి.

పాతికేళ్ళ కిందటి ఒక సీజన్ దగ్గర, పేజీ అడుగున ఇలా ఉంది: 'ఫైనల్. వాన. ఓడాం. రస్సెల్ బంతి వదిలేశాడు.'

ఆ ఏడు అన్నీ గెలిచి, ఆ ఒక్క ఆటా పోయిందట. నేను ఇంగ్లీషులో 'ఫైనల్లో రస్సెల్ డ్రాప్డ్ ద బాల్' అని వేశాను. ఆ మాటకి ఇంగ్లీషులో రెండర్థాలు. బంతి జారవిడిచాడని ఒకటి, చేయాల్సిన పని చేయక ముంచాడని ఇంకొకటి. రెండు విధాలా తిట్టే. నాకెందుకు, పుస్తకంలో ఉన్నది రాస్తున్నాను అనుకున్నాను.

కోచ్ ప్రూఫులన్నీ చదివి, దాన్ని మాత్రం రెండుసార్లు చదివాడు.

"ఊరందరికీ తెలిసిందేలే మిస్ పద్మా. చరిత్ర చరిత్రే," అని సంతకం పెట్టాడు.

మర్నాడు శుక్రవారం. ఇత్తడి పలకల పార్సిల్ వచ్చింది. తెచ్చినవాడు రస్ అని మా డెలివరీ డ్రైవరు. చొక్కా మీద కూడా రస్ అనే ఉంటుంది. ఆరడుగుల పైన మనిషి, మాట మాత్రం మహా మెత్తన. ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఆటల రోజుల్లో ఒక వింత అలవాటుండేది అతనికి. మా షాపు స్టేడియం పక్కనే కాబట్టి, శుక్రవారమైతే పొద్దున్నే, అందరికంటే ముందు నాకే ఇచ్చేసి వెళ్ళిపోయేవాడు. ట్రాఫిక్ తప్పించుకోవడానికేమో అనుకునేదాన్ని.

అతనిచ్చిన పెన్నుతో పార్సిల్ మీద సంతకం పెడుతున్నాను. తలెత్తేసరికి అతను కౌంటర్ మీది ప్రూఫ్ వైపు చూస్తున్నాడు.

"మేడమ్, ఒక్క మాట అడగొచ్చా? నా పేరు తీసేయడానికి వీలవుతుందా?"

"నీ పేరెక్కడుంది?"

వేలు పెట్టి చూపించాడు. రస్ అంటే రస్సెల్!

"రాసింది తప్పని కాదు మేడమ్," అన్నాడు. "మా అమ్మాయి ఈ ఏడు హైస్కూల్లో చేరుతోంది. బ్యాండులో క్లారినెట్. బ్యాండ్ రూముకి ఆ గోడ పక్క నుంచే వెళ్ళాలి, రోజూ. నేను ఆడానని తెలుసు దానికి. ఇది తెలీదు."

"నిజంగా జారవిడిచావా?" నాకు నోరు ఆగదు, అడిగేశాను.

"నేనసలు బంతి ముట్టుకోలేదు మేడమ్," అన్నాడు. అంతే. తలవంచుకుని బండెక్కి వెళ్ళిపోయాడు.

ముట్టుకోనివాడు ఎలా జారవిడుస్తాడు? ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. ఇంతలో మావారు ఫోన్ చేసి, ఏదో బిల్లు గురించి నేను గొణుగుతుంటే, "అబ్బా, ఇక ఆ సంగతి వదిలేయవే," అన్నారు. నాలుక కరుచుకున్నాను. వదిలేయడం! మన భాషలో ఆ మాటకి జారవిడవడం ఒక్కటేనా అర్థం? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మాట్లాడుతున్న మాట, ఇంగ్లీషులోకి వచ్చేసరికి నా తెలివి తెల్లారింది.

వెంటనే బాతెల్‌కి ఫోన్ చేశాను.

"టీచరుగారూ, ట్రోఫీ షాపు పద్మనండీ."

"ఆ, చెప్పవే అమ్మాయ్. నా పుస్తకాలు తడపలేదు కదా?"

"లేదండీ. 'రస్సెల్ బంతి వదిలేశాడు' అని రాశారు. జార్చుకున్నాడనేనా?"

"ఏం తెలుగే నీది! జారితే జారింది అని రాస్తాను. జార్చుకుంటే జార్చుకున్నాడని రాస్తాను. వదిలేశాడంటే వదిలేశాడనే. అసలు పేజీ తిప్పావా?"

"లేదండీ."

"స్టెప్పులు చూడకుండా ఆన్సర్ కాపీ కొట్టే పిల్లల్లా ఉన్నావు. తిప్పు."

తిప్పాను. వెనక పేజీలో తడబడిన అక్షరాలతో ఇలా ఉంది: 'కోడీని గట్టిగా గుద్దారు. బంతి జారింది. కోడీ లేవలేదు. బంతి రస్సెల్ కాళ్ళ దగ్గరే. అవతలివాళ్ళు ముగ్గురు దూకుతున్నారు. రస్సెల్ బంతి తీసుకోలేదు. కోడీ మీద బోర్లా పడుకున్నాడు. ముగ్గురూ వీడి వీపు మీద పడ్డారు. బంతి వాళ్ళకి పోయింది. స్ట్రెచర్. మెడ.'

కోడీ ఆ జట్టుకి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపించేవాడు. రస్సెల్ అతనికి బంతి అందించే సెంటర్.

"మరి ఊళ్ళో అందరూ అలా ఎందుకనుకున్నారండీ?"

"వాన, బురద, కుప్ప. కింద నుంచి ఎవరికేం కనిపిస్తుంది? కెమెరా కూడా తడిసి ఆగిపోయింది. చూసింది నేనొక్కదాన్నే. చెప్పబోతే రస్సెలే హాస్పిటల్ బయట నా చేతులు పట్టుకున్నాడు. 'మిస్ అన్నా, బంతి కోడీ చేతిలోంచి జారిందని తెలిస్తే వాణ్ణి బతకనివ్వరు. అసలే మెడకి పట్టీ. నా వల్లే పోయిందనుకోనివ్వండి' అన్నాడు. పదిహేడేళ్ళ పిల్లాడమ్మా! మాటిచ్చాను. తెలుగులో ఉంది కదా, ఎవరు చదువుతార్లే అనుకున్నాను."

"ఆ కోడీ ఇప్పుడెక్కడున్నాడండీ?"

"నా పుస్తకాలు నీ దగ్గరికి మోసుకొచ్చాడే, వాడే. కోడీ హారిస్."

ఇన్నేళ్ళూ అతన్ని కోచ్ అనే తప్ప పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?" అన్నాను.

"మాటిచ్చింది నేను. నువ్వివ్వలేదుగా," అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఆ రోజు పని సాగలేదు. పేరు తీసేస్తే రస్ అడిగినట్టే అవుతుంది, గొడవ ఉండదు. కానీ కోచ్ సంతకం పెట్టింది నేను తప్పుగా రాసిన మాట కింద. అతను నన్ను నమ్మి పెట్టాడు. తప్పు నాది కాబట్టి దిద్దాల్సింది నేనే అనిపించింది. అతన్ని షాపుకి పిలిచి, వెనక పేజీ మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాటకీ అర్థం చెప్పాను.

విని, "మళ్ళీ చదువు," అన్నాడు. మళ్ళీ చదివాను.

"నాకా రోజు టాస్ వేయడం గుర్తుంది," అన్నాడు చివరికి. "తర్వాత అంబులెన్స్ పైకప్పు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. రస్ రోజూ హాస్పిటల్‌కి మిల్క్‌షేక్ తెచ్చేవాడు. పక్కన కూర్చుని ఏమీ మాట్లాడేవాడు కాదు. సారీ చెప్పలేక కూర్చుంటున్నాడు అనుకున్నాను మిస్ పద్మా. ఒకరోజు నేనే, 'పోన్లే, క్షమించాను' అన్నాను. థాంక్స్ అన్నాడు!"

అంత పెద్ద కోచ్ నా కౌంటర్ మీద మోచేతులాన్చి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

కళ్ళు తుడుచుకుని ప్రూఫ్ వెనక తనే రాశాడు: 'ఫైనల్లో కోడీ బంతి జార్చుకున్నాడు. రస్సెల్ దాన్ని వదిలేసి కోడీకి అడ్డుపడ్డాడు.' ఆ 'వదిలేశాడు' అన్న మాట తెలుగులోనే పక్కన చెక్కమన్నాడు. మా సాఫ్ట్‌వేర్‌లో తెలుగు కొడితే ఒత్తులొకచోట, గుణింతాలొకచోట పడ్డాయి. ఇలా కాదని టీచరుగారి చేతిరాతనే స్కాన్ చేసి పెట్టాను.

సోమవారం రస్ పార్సిల్‌తో వచ్చేసరికి కొత్త ప్రూఫ్ అతని ముందు పెట్టాను. చదివాడు.

"దీంట్లో కోడీ పేరెందుకు మేడమ్?" అన్నాడు. మొహంలో భయం.

"అతనే రాశాడు. అదిగో సంతకం. దాని కింద నీది కూడా కావాలి."

"ఆర్డర్ నాది కాదు కదా?"

"పేరు నీది కదా. నువ్వు వద్దంటే చెక్కను."

ఆ కాగితాన్ని మొదటి నుంచి ఇంకోసారి చదివాడు. తర్వాత పార్సిల్ మీద నాతో సంతకం పెట్టించుకునే తన పెన్నే తీసి, రస్ అని కాకుండా పూర్తి పేరు రాశాడు.

మొదటి ఆట రోజు వరండాలో నేనూ ఉన్నాను. రస్ వచ్చి గోడకి దూరంగా నిలబడ్డాడు. క్లారినెట్ పట్టుకున్న అతని కూతురు పలక చదివి, ఆ తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి, "డాడీ, అయితే మీరు ఓడిపోయారా?" అంది.

"ఓడిపోయాం."

"కోచ్ బాగానే ఉన్నాడుగా," అని ఈకల కుచ్చున్న తన టోపీ సర్దుకుని బ్యాండులోకి పరిగెత్తింది. రస్ మొహంలో నవ్వు అప్పుడు చూశాను.

ఫొటో పంపిస్తే టీచరుగారు ఫోన్ చేసి చీవాట్లు పెట్టారు. "నా రాత గోడకెక్కిస్తున్నావని ముందే చెప్పి ఉంటే శుభ్రంగా రాసి పంపేదాన్ని కదే! ఆ తొందరలో 'శ' ఎలా పడిందో చూడు."

అప్పటి నుంచీ నా ప్రూఫ్ కాగితం మీద రెండు సంతకాలకి చోటు ఉంటుంది. ఒకటి ఆర్డరిచ్చినవారిది, రెండోది ఆ పేరు గల మనిషిది. విసుక్కునే కస్టమర్లున్నారు. విసుక్కోనీ. ఏ పుస్తకం చూసి రాసినా వెనక పేజీ కూడా తిప్పి చూస్తాను.

ఇక రస్ సంగతి. ఇప్పుడు ఆటల రోజుల్లో శుక్రవారం పొద్దున నాకు పార్సిల్ రాదు. అందరివీ ఇచ్చేశాక, సాయంత్రం, స్టేడియం లైట్లు వెలిగే వేళకి తెస్తాడు. మా షాపే అతని ఆఖరి స్టాప్; అక్కణ్ణుంచి స్టేడియానికే.