సంతకం పెట్టని నాగమణి

2022 వేసవిలో మా ఖమ్మం ఆఫీసు నన్ను పినపాక వైపున్న ఒక జామాయిల్ రైతుల సంఘానికి డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా పంపింది. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగ్. కాగితం మిల్లు దగ్గర ఏ రైతు కర్ర లారీ ఎప్పుడు దించాలో ఆ డేటాబేస్ చెప్పేది. అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, దానిలో లోపం లేదు. లోపం, సంఘానికి ప్రోగ్రాము రాసిచ్చిన కాంట్రాక్టరు దానికి తగిలించిన లైబ్రరీలో, అంటే రెడీమేడ్ కోడ్ మూటలో ఉంది.

పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచకూడదు. క్రిప్టోగ్రఫీ లైబ్రరీ దాన్ని పిండి కొట్టినట్టు కొట్టి, ఆ పిండినే దాస్తుంది. దాన్నే హాష్ అంటాం. ఎం.డి.5 అనే పాత పద్ధతిలో ఒక దరిద్రం ఉంది. హాష్ దొరికినవాడికి పాస్‌వర్డుతో పనే లేదు, హాష్‌తోనే లోపలికి రావచ్చు. స్క్రామ్ అనే కొత్త పద్ధతిలో ఆ ఆటలు సాగవు. మారుద్దామని చేరిన కొత్తలోనే చెప్పాను. తన ప్రోగ్రాములోని కనెక్షన్ లైబ్రరీ పాతదనీ, దానికి స్క్రామ్ రాదనీ, కొత్తది పెడితే అంతా మళ్ళీ పరీక్షించాలనీ కాంట్రాక్టరు నసిగాడు. "నడుస్తోంది కదండీ, ఎందుకు కెలకడం?" అని సంఘం సెక్రటరీ కొట్టిపారేశారు. ఆయనది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్ద రైతు కుటుంబం.

వానలకు ముందు చిన్న రైతుల లారీలు కొన్ని వరుసలో వెనక్కి పోయాయి. మార్పులన్నీ ఆపరేటర్ నాగమణి లాగిన్‌తో జరిగాయి. ఆమెది దుమ్ముగూడెం దగ్గర గూడెం, కాంట్రాక్టు ఉద్యోగం, ఇంట్లో నెలజీతం ఆమెదొక్కటే. పాస్‌వర్డు బయటికి చెప్పానని రాసి సంతకం పెట్టమని సంఘం కమిటీ మీటింగులో ఆమె ముందు కాగితం పెట్టారు. పెడితే ఉద్యోగం పోతుంది, పెట్టకపోతే పోలీసు కేసు.

"నేనెవ్వలకు చెప్పలే సార్. చెప్పంది చెప్పిన్నని ఎట్ల రాయాలె?" అంది.

"పాస్‌వర్డు ఎన్‌క్రిప్ట్ చేసి దాచిందే కదండీ, ఈమె చెప్పకుండా ఎట్లా తెలుస్తుంది?" అన్నారు సెక్రటరీ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ హాష్‌లన్నీ ఉన్న బ్యాకప్ కాపీలేమో కాంట్రాక్టరు మనుషుల పెన్‌డ్రైవుల్లో ఊరేగుతున్నాయి. దొంగ చేతికి తాళాలిచ్చి కాపలా మనిషి మెడ పట్టుకోవడమంటే ఇదే.

పాస్‌వర్డు తెలియకుండా ఎలా దూరవచ్చో మీ పేరు మీదే చూపిస్తాను, సరేనా అని సెక్రటరీని అడిగాను. కానివ్వండి అని ఆయన నవ్వారు. పాత బ్యాకప్‌లోంచి ఆయన హాష్ తీసి, ఆయన లాగిన్‌తో లోపలికి వెళ్ళి, ఆయన లారీనే వరుసలో అట్టడుగుకు తోశాను. కమిటీ అంతా చూస్తూనే ఉంది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"నా పాస్‌వర్డు మీకెవరు చెప్పారండీ?"

"మీరే చెప్పారని రాసి సంతకం పెడతారా?" అన్నాను. గొంతు పెంచే అన్నాను.

ఆయన లారీని మళ్ళీ దాని చోట పెట్టాను. నాగమణి ముందున్న కాగితం తీసేశారు. స్క్రామ్ తెలిసిన కొత్త లైబ్రరీ పెట్టించి, అందరి పాస్‌వర్డులూ మార్పించాను. అంతకాలం కుదరదన్న కాంట్రాక్టరు ఆ వారంలోనే పని ముగించాడు, మరుసటి ఏడు కాంట్రాక్టు కూడా అతనికే ఇచ్చారు. లారీల వంతులు ఎవరు మార్చారో తేల్చమని కమిటీలో ఒక్కరూ అడగలేదు. నాగమణికి క్షమాపణ చెప్పినవాడూ లేడు. "నౌకరి ఉన్నది గద సార్, ఇడిసిపెట్టున్రి" అని చివరికి ఆమే నాకు సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది.

పాస్‌వర్డు లైబ్రరీని ఎంచుకునేటప్పుడు పని ఎంత, వేగం ఎంత అన్నవి తర్వాత చూడవచ్చు. అది విఫలమైన రోజున ఎవరి చేత సంతకం పెట్టిస్తారో ముందు అడగాలి.