చేపలు తినని మోటెల్ ఆంటీ

విదేశానికి వెళ్లి ఒషావాలో చదివే రోజుల్లో ఒక వేసవంతా ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న చిన్న మోటెల్‌లో పనిచేశాను. దాన్ని నడిపే ఆంటీది ఒంగోలు దగ్గర. జన్మలో చేప ముక్క నోట పెట్టి ఎరగదు. ఎవరితోనైనా తగువుకి దిగే ముందు స్వెట్టర్ జిప్పు గొంతు దాకా లాక్కునేది.

ప్రభుత్వం ఏటా ఆ సరస్సులో చేపపిల్లల్ని వదిలేది. అవి ఎదిగాక పట్టడానికి వచ్చే జనం వల్లే మోటెల్, పక్కన బ్రేక్‌ఫాస్ట్ హోటల్ నడిచేవి, ఎరలమ్మే ముసలాయన ఇల్లు గడిచేది. ఆ ఏటి నుంచి వదలడం ఆపేస్తున్నామని ఊరి హాల్లో మీటింగ్ పెట్టి చెప్పారు. అందరూ తలొంచుకుని విన్నారు. ఆంటీ జిప్పు లాక్కుని లేచింది.

"ఎందుకు ఆపుతున్నారు?"

"బడ్జెట్ లేదు మేడమ్. మీరూ ఫిషింగ్ చేస్తారా?" ఆఫీసరు నవ్వాడు.

"నేను వెజిటేరియన్‌ని. అయినా నా పిల్లల్ని చదివించింది ఆ చేపలే. మేమెలా బతకాలో చెప్పేదాకా కూర్చోను."

ఆయన ఫైలు సర్దుకుని వెళ్లిపోయాడు.

"ఇంక వదిలేయండి ఆంటీ," అన్నాను బయటికొచ్చాక.

"వాళ్లు చేపల్ని వదలనీ, అప్పుడు నేనూ వదిలేస్తా," అంది.

ఆ తర్వాత ఏ మీటింగూ మానలేదు. మొదట ఎరల ముసలాయన, తర్వాత సగం ఊరు ఆమె పక్కన నిలబడ్డారు.

మరుసటి ఏడాది మంచు కరిగాక చేపపిల్లల ట్రక్కు వస్తోందని తెలిసి చూడ్డానికి వెళ్లాను. డ్రైవరు దిగగానే ఆంటీ ఎదురెళ్లింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను.

"పోయినేడాదివి కూడా తెచ్చారా?" అని అడిగింది.