చెయ్యెత్తేదాకా ఆగని పాట

నిస్సీకి పాట మొదలుపెట్టడం పదకొండో ఏటనే వచ్చింది. ఆపడం మాత్రం మొన్నటి వేసవిదాకా రాలేదు.

పాకాలలో మా వెనక వీధిలోనే వాళ్ల ఇల్లు. తండ్రి ఏబెల్ స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. తల్లి రూతు బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్తుంది. వాళ్ల చర్చిలో డ్రమ్స్ వాయించే అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం దొరికి వెళ్లిపోతే, ఆ ఆదివారం ఖాళీగా ఉన్న స్టూలు మీద ఈ పిల్ల ఎవరూ చెప్పకుండానే ఎక్కి కూర్చుంది. కాలు కింది పెడలుకు అందలేదు. వారం తిరిగేలోగా ఏబెల్ ఒక కొయ్యముక్కకు పాత చెప్పు అడుగు అతికించి, దాన్ని పెడలుకు కట్టాడు. అప్పటినుంచి ఆదివారం పొద్దున నేను పుస్తకం తెరిస్తే పేజీలు ఆ దరువుకే తిరిగేవి. మొదట్లో విసుక్కున్నాను. పోనుపోనూ, ఏ వారమైనా అది వినిపించకపోతే పిల్లకు జ్వరమేమోనని కిటికీలోంచి తొంగిచూసేవాణ్ని.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. పుస్తకంలో పాట అయిపోయినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. జనానికి ఊపు వస్తే చివరి చరణం మళ్లీ మళ్లీ అందుకుంటారు. పాస్టరుగారు కళ్లు మూసుకుని నిలబడి ఉంటారు. ఆయన కుడిచెయ్యి పైకి లేచినప్పుడే ఆగాలి. అది ఎప్పుడు లేస్తుందో ఆయనకే తెలియదు. నిస్సీ ఆ చేతిని చూస్తూనే పెరిగింది. కొట్టే చేతులు తనవి, ఆపే చెయ్యి ఆయనది.

చదువయ్యాక రేణిగుంటలో పార్సిళ్ల గోడౌన్లో పనికి కుదిరింది. రోజూ రైలే. ప్లాట్‌ఫారం ఖాళీ లేదని బండిని ఊరి బయట సిగ్నల్ దగ్గర నిలబెట్టేస్తారు. ఆ చోటును అందరూ అవుటర్ అంటారు. డ్యూటీకి ఆలస్యమవుతుంటే నిస్సీ మూతపెట్టిన టిఫిన్ బాక్సు మీద వేళ్లతో వాయించేది. ఎదురు సీట్లో గిటార్ పెట్టుకుని కూర్చున్న అబ్బాయి ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"డ్రమ్స్ వాయిస్తావా?"

"లేదబ్బా. ఆకలేస్తే ఇట్ల కొడతా."

అతను ధర్మేంద్ర. బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలున్న గంగాధరం కొడుకు. చిత్తూరులో రైలెక్కి రేణిగుంట ఫ్యాక్టరీకి వెళ్తాడు. తిరుపతిలో పెళ్లివీడియోలు ఎడిట్ చేసే జాహ్నవి బేస్ గిటార్‌తో వాళ్లకు తోడైంది. ముగ్గురూ కలిసి రాక్ బ్యాండు పెట్టారు. పేరు అవుటర్. ఇంట్లో మాట్లాడే మాటల్తోనే పాటలు కట్టుకున్నారు. మూడేళ్లకు మొదటి ఆల్బం తామే చేసుకుందామన్న ధైర్యం వచ్చింది.

తోటలో గంగాధరానికి మామిడికాయలు దించుకునే షెడ్డు ఉంది. కాయ దిగేదాకా అది ఖాళీ. గోడలకు గోనెసంచులు వేలాడదీసి, కింద వరిగడ్డి పరిచి, దాన్నే స్టూడియో చేసుకున్నారు. అద్దె లేదు. "తొలికాయ తెగినపొద్దు మీరు బయట, కాయ లోపల" అన్నది ఒక్కటే గంగాధరం పెట్టిన షరతు.

అక్కడే నిస్సీ లోటు బయటపడింది. రికార్డింగులో ముందు డ్రమ్స్ చప్పుడొక్కటే పట్టుకుంటారు. చెవిలో టిక్కుటిక్కుమనే తాళం తప్ప ఎదురుగా ఎవరూ ఉండరు. పాట హాయిగా సాగేది. ముగింపు దగ్గరికి వచ్చేసరికి చేతులు దారి తెలియక తికమకపడేవి. ధర్మేంద్ర ఎదుట నిలబడి చెయ్యెత్తి చూశాడు. "నువ్వు ఎత్తబోతా ఉండావని నీ మొగం ముందే చెప్పేస్తా ఉండాది, నా చెయ్యి ముందే చచ్చిపోతాది" అంది నిస్సీ. మిగతా పాటలన్నిటికీ చివర చప్పుడు మెల్లమెల్లగా తగ్గించి సరిపెట్టారు. ఆఖరిపాట, ఆల్బంకు పేరిచ్చిన 'అవుటర్', అలా సన్నగిల్లితే కుదరదు. బ్రేకు పడ్డ రైలులా ఒక్క దెబ్బకు నిలబడాలి. దాని దరువు నిస్సీ ఆ టిఫిన్ బాక్సు మీద పుట్టించుకున్నదే.

మే నెల చివర ఒక ఆదివారం. చర్చి కాగానే నిస్సీ తోటకు చేరింది. డ్రమ్స్ ముందు కూర్చుందో లేదో, గంగాధరం షెడ్డులోకి అరుస్తూ వచ్చాడు.

"రేయ్ ధర్మా! రాత్రి గాలికి కాయంతా రాలిపోయుండాది. మన ట్రాక్టరు తోలే ఏకాంబరం కాయ నింపుకోని వస్తా ఉండాడు. తీసెయ్యండి మీ సామాన్లు!"

"ఒక్క పాట మిగిలుండాది నాయనా."

"నీ పాట అయ్యేదాకా కాయ కుళ్లకుండా కాసుకోని ఉంటుందా?"

జాహ్నవి లాప్‌టాప్ మూయబోతూ మెల్లగా అంది. "నిస్సీ, నీ దరువునే కంప్యూటర్లో కొట్టించేస్తాలే. ఎవరికీ తెలీదు."

నిస్సీ ముఖం వాడిపోయింది. "మా అమ్మకు తెలిసిపోతాది. నేను వంకాయ కోసే చప్పుడునుబట్టి నాకు కోపమో కాదో చెప్పే మనిషి. నా పాటకు నేనే లేకుంటే ఇంగ నేనెందుకు మీకు?"

గంగాధరం చెయ్యి గాల్లో ఆడిస్తూ ఇంకా తిడుతున్నాడు. నిస్సీ ఆ చేతినే కాసేపు చూసింది.

"పెదనాయనా, నువ్వొచ్చి ఈడ నా ఎదురుగా నిలబడు."

"నేనెందుకమ్మే?"

"పాట సాలనిపించినప్పుడు చెయ్యెత్తు. అంతే."

"సాలని నాకెట్ల తెలస్తుంది?"

"అన్నం తినేటప్పుడు తెలీదా?"

"మీ పెద్దమ్మ గిన్నె తీసేస్తాది. అప్పుడు తెలస్తుంది."

నవ్వుతూనే ధర్మేంద్ర, జాహ్నవి తీగలు సరిచూసుకున్నారు. టిక్కుటిక్కు తాళం తీసేశారు. టైం లేదు కనుక అందరూ ఒకేసారి వాయించేద్దామన్నారు. గంగాధరం తలుపు వారగా నిలబడి, తుండుగుడ్డ భుజాన సర్దుకుని, ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకున్నాడు.

పాట కదిలింది. పట్టాల మీద చక్రాల చప్పుడు గడ్డి మీదినుంచి లేచి రేకులదాకా పోయింది. గంగాధరం బిగువు సడలింది. ముందు బొటనవేలు ఆడింది, తర్వాత తల. పాట రాసుకున్నంత మేరా అయిపోయింది. ఆయన చెయ్యి లేవలేదు. ధర్మేంద్రకు పాడటానికి మాటలు మిగల్లేదు. చేసేదిలేక చివరి మాటనే మళ్లీ అందుకున్నాడు.

"సిగ్నల్ పడలా, దిగి నడిసిపోదమా..."

మళ్లీ అదే, మళ్లీ అదే. ప్రతిసారీ నిస్సీ దరువు ఒక మెట్టు పైకెక్కింది. జాహ్నవి చెప్పులు విడిచేసి గడ్డిలో కాళ్లు తొక్కుతోంది. చర్చిలో జనం మీదికి వచ్చే ఊపు ఆ మామిడి షెడ్డులోకి వచ్చేసింది. ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు, తెలియాలనీ లేదు. నిస్సీ కళ్లు మాత్రం గంగాధరం కుడిచేతిని వదల్లేదు.

అప్పుడు బయట ట్రాక్టరు హారన్ మోగింది. ఏకాంబరం బండిని వెనక్కి తోలుతూ నేరుగా తలుపు దగ్గరికి వచ్చేస్తున్నాడు. గంగాధరం గిరుక్కున తిరిగి చెయ్యెత్తాడు.

"ఆగప్పా!"

నిస్సీ కొట్టింది. ఒకే ఒక్క దెబ్బ. డ్రమ్స్ పక్కన వేలాడే ఇత్తడి తాళాలు రెండు చేతులా పట్టుకుని మోత కూడా లేకుండా అణిచేసింది. గిటార్లు ఆమెతోపాటే తెగినట్టు ఆగాయి. బయట ట్రాక్టరు కూడా ఆగింది.

ఆ నిశ్శబ్దంలోకి గంగాధరం వెనక్కి తిరిగి, నిజంగా నొచ్చుకుంటూ అడిగాడు.

"ఇదేందమ్మే, ఆపేసినావు? బాగుండె గదా!"

"నువ్వే గదా పెదనాయనా చెయ్యెత్తింది!"

"నేను వానికెత్తితి! గోడ పడదోసేతట్లు వస్తా ఉంటే!"

నిస్సీ కర్రలు విసిరేసి గడ్డిలో పడి దొర్లి దొర్లి నవ్వింది. తర్వాత అందరూ కలిసి కాయలు దించారు. చీకటిపడేలోగా షెడ్డు నిండా పచ్చికాయ వాసనే.

జాహ్నవి నవ్వులో పడి రికార్డింగు ఆపలేదని తర్వాత తెలిసింది. అరుపు తీసేద్దామంటే అది తాళాల దెబ్బతో కలిసిపోయింది. నిస్సీ తియ్యనివ్వలేదు. ఆ వెనక వచ్చిన గంగాధరం మాటను కూడా ఉంచమంది. ఆల్బం దానితోనే ముగుస్తుంది.

విడుదలైన రోజు నిస్సీకి డ్యూటీ. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. సాయంత్రం బయటికి వచ్చేసరికి గోడౌన్ వాళ్లంతా గేటు దగ్గర గుంపుగా ఒకే ఫోన్లో అదే వింటున్నారట. మామిడిగుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరుసలో గంగాధరం పక్కవాళ్లందరికీ ఆఖరిపాట వినిపించి, "ఆపింది నేనే" అని చెప్పుకుంటున్నాడని ధర్మేంద్ర ఫోను.

నిస్సీ పాకాల చేరేసరికి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. రూతు వంటగట్టు మీద ఫోను ఆనించి, కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోస్తోంది. ఏబెల్ వంటింటి గడపలో నిలబడి, మడమతో నేల మీద పెడలు తొక్కుతున్నాడు. పాట పైకెక్కేకొద్దీ వంకాయ ముక్కలు పెద్దవయ్యాయి. చివరికి రూతు చెయ్యి ఆగిపోయింది.

"ఇది నా బిడ్డ కొట్టిందే" అంది ఎవరితోనో వాదిస్తున్నట్టు.

ఆగప్పా అని అరుపు. ఒక్క దెబ్బ. ఫోనులోంచి గంగాధరం గొంతు: "ఇదేందమ్మే, ఆపేసినావు? బాగుండె గదా!"

"అదే గదన్నా నేనూ అడిగేది!" అంది రూతు ఆ ఫోనుతో. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న కూతుర్ని అప్పుడు చూసి, కత్తిపీట పక్కకు తోసింది.

"మే నిస్సీ, నిలబడి సూస్తావేంది? మళ్లీ పెట్టు!"