పైరగాలిని నమ్ముకుని

వరి కోసేశాక పొలంలో మిగిలిన గడ్డిని తగలబెట్టొద్దని ఎవరెంత చెప్పినా మా పెదనాన్న వినేవారు కాదు. సాయంత్రం నాలుగింటికి దక్షిణం నుంచి పైరగాలి వస్తుంది, మంటను ఉత్తరాన ఉన్న కాలవ వైపు తోస్తుంది, అక్కడితో ఆరిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఆ గాలి ఆయనకిచ్చిన మాట తప్పలేదు.

పోయిన వేసవిలో దాళ్వా, అదే రెండో పంట, కోతలయ్యాక నన్ను తోడు తీసుకెళ్లారు. నాలుగైనా ఆకు కదల్లేదు.

"వస్తుందిలేరా, అంటించు," అన్నారు. అంటించాను.

గాలైతే వచ్చింది గానీ పడమటి నుంచి వచ్చింది, అదీ వడగాలి. మంట కాలవకేసి చూడనైనా చూడకుండా గట్టెక్కి, తాడిచెట్లను పట్టుకుని, తిన్నగా మా గడ్డివాములోకే దూరింది.

ఫైరింజన్ వాళ్లొచ్చి ఆర్పాక, ఎలా అంటుకుందని అడిగారు. పెదనాన్న సూర్యుణ్ణి చూపించారు.

"ఏం చెప్పమంటారండీ, కాలమే మారిపోయింది. ఎండకి దానంతటదే అంటుకుంది."

వెనక నుంచి పెద్దమ్మ అందుకుంది.

"అలాగా! మరి మధ్యాహ్నం వంటింట్లో అగ్గిపెట్టె కూడా ఎండే పట్టుకెళ్లిందా?"

పెదనాన్న చెప్పినదాంట్లో సగం నిజమే. మిగతా సగం నా చొక్కా జేబులో గలగలమంటోంది.